దుంప పిండితో నూడుల్స్: మధుమేహం ఉన్నవారి కోసం కంద నుంచి కంచం దాకా

మా ఇంట్లో ఈ ప్రయత్నం ఒక తప్పు లెక్కతో మొదలైంది. మధుమేహం ఉన్న మా అమ్మకు మైదా నూడుల్స్ మానిపించాలనుకున్నాను. విజయనగరం మార్కెట్లో చిలగడదుంపలు కొని తెచ్చి, ముక్కలు ఎండబెట్టి, పిండి పట్టించి, అచ్చంగా ఆ పిండితోనే నూడుల్స్ ఒత్తి కంచం నిండా పెట్టాను. రెండు గంటల తర్వాత చూస్తే గ్లూకోమీటరులో అంకె 200 దాటి ఉంది. అమ్మ ఏమీ అనలేదు కానీ నాకు మాత్రం మనసు చివుక్కుమంది. దుంపలోని నీటిని నేను లెక్కలోకి తీసుకోలేదని ఆ తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నప్పుడు గానీ అర్థం కాలేదు.

100 గ్రాముల పచ్చి చిలగడదుంపలో పిండి పదార్థం సుమారు 28 గ్రాములే ఉంటుంది; మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు. అదే దుంపను ఎండబెట్టి పొడి చేస్తే నీరంతా పోయి, 100 గ్రాముల పిండిలో పిండి పదార్థం దాదాపు 80 గ్రాములకు చేరుతుంది. బియ్యప్పిండి లెక్క కూడా ఇంచుమించు అంతే. అంటే కూరగా తిన్నప్పుడు మితంగా ఉండే దుంప, పిండిగా మారిన తర్వాత బియ్యానికి సమానమైన బరువుతో కంచంలోకి వస్తుంది. దుంప పిండి కాబట్టి షుగరు పెరగదన్న మాట నిజం కాదని ఈ పని మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ ముందుగా తెలుసుకోవాలి.

అయినా ఈ శ్రమ ఎందుకంటే, నూడుల్స్ తినాలన్న కోరిక మధుమేహం వచ్చినంత మాత్రాన పోదు. బజారులో దొరికే ప్యాకెట్ నూడుల్స్ చాలావరకు మైదాతో చేసి పామాయిల్‌లో వేయించి ఆరబెట్టినవి. 70 గ్రాముల ప్యాకెట్ ఒక్కటి తింటే 40 గ్రాములకు పైగా పిండి పదార్థం, దానితో పాటు బోలెడంత ఉప్పు ఒంట్లోకి చేరుతాయి. దుంప పిండికి సమానంగా శనగపిండి కలిపి, పీచు చేర్చి, ఆవిరి మీద ఉడికించి, కొలిచి వడ్డిస్తే, ఒక మనిషి వాటాకు పిండి పదార్థం 25 గ్రాముల దగ్గర ఆగుతుంది. పైగా అందులో పప్పు మాంసకృత్తులు, పీచు ఉంటాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. ఇన్ని కోట్ల మందికి తినకూడని వాటి జాబితాలు ఎన్నో దొరుకుతాయి. కొలత ప్రకారం తినదగిన వంట నేర్పేవి మాత్రం తక్కువ.

ఎవరు దీని జోలికి వెళ్లకూడదు

వంట కంటే ముందు ఈ సంగతి చెప్పడం అవసరం, ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లా వారికి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలతో కూడిన ఉద్దానంలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మనందరికీ తెలుసు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైనది కూడా ఆ బాధ వల్లనే. దుంపల్లో పొటాషియం ఎక్కువ. దుంపను పిండి చేసినప్పుడు పొటాషియం కూడా చిక్కబడుతుంది. కంద, చేమ దుంపల్లో రాళ్లు కట్టడానికి దోహదం చేసే ఆక్సలేట్లు కూడా ఉంటాయి. కాబట్టి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును తెలిపే అంకె) పెరిగినవారు, డయాలసిస్ చేయించుకుంటున్నవారు, మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు తమ వైద్యుడిని అడగకుండా ఈ నూడుల్స్ తినకూడదు. ఉద్దానం ప్రాంతంలో మధుమేహం ఉన్నవారు తమకు కిడ్నీ ఇబ్బంది లేదనుకున్నా సరే, ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్న తర్వాతే మొదలుపెట్టడం మంచిది.

ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమిపిరైడ్ లేదా గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు మరొక విషయం గమనించాలి. అలవాటైన అన్నం బదులు పిండి పదార్థం తక్కువగా ఉన్న ఈ నూడుల్స్ తిని, మందు మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటే చక్కెర 70 కంటే కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం దాని గుర్తులు. మోతాదు సంగతి వైద్యుడితో ముందే మాట్లాడుకోవాలి.

ఏ దుంప, ఎంత

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో సులువుగా దొరికే దుంపల్లో ఈ పనికి నేను ముందు నిలిపేది కంద. పచ్చి కందలో పిండి పదార్థం 100 గ్రాములకు సుమారు 18 గ్రాములు. చేమదుంపలో 21, చిలగడదుంపలో 28, కర్రపెండలంలో 38. ఎండబెట్టిన తర్వాత ఈ తేడా చాలావరకు తగ్గిపోతుంది, కానీ కంద పిండిలో పీచు కొంత ఎక్కువగా నిలుస్తుంది, తీపి ఉండదు, శనగపిండితో రుచి కలుస్తుంది. కొవ్వూరు (ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లా) ఉద్యాన పరిశోధనా స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం కందలో దురద బాగా తక్కువ. కూరగాయల వ్యాపారిని దురద లేని కంద అని అడిగితే సాధారణంగా ఆ రకమో, దానికి దగ్గరిదో ఇస్తారు.

కంద గురించి ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. జపానులో చక్కెర పెరగని నూడుల్స్‌గా పేరు పొందిన షిరటాకి, కొంజాక్ అనే దుంప నుంచి తయారవుతుంది. కొంజాక్, మన కంద ఒకే ప్రజాతికి చెందిన మొక్కలు. అందువల్ల కంద పిండి కూడా అలాగే పనిచేస్తుందని కొందరు నమ్ముతారు. కొంజాక్ దుంపలో గ్లూకోమన్నన్ అనే జిగురు పీచు మెండుగా ఉంటుంది. అది చిన్న పేగులో జీర్ణం కాదు కాబట్టి రక్తంలోకి చక్కెరగా చేరదు. మన కందలో ఉన్నది ప్రధానంగా మామూలు పిండి పదార్థమే, అది జీర్ణమై చక్కెరగా మారుతుంది. బంధుత్వం నిజమే అయినా గుణం వేరు. ఆన్‌లైన్‌లో కొంజాక్ నూడుల్స్ కొనగలిగినవారు నీటిలో బాగా కడిగి వాడుకోవచ్చు. వాటికి ఈ వ్యాసంలోని తయారీ ఏదీ అవసరం లేదు.

చేమదుంప జిగురు నూడుల్స్ విరగకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి మిశ్రమంలో కొద్దిగా చేర్చవచ్చు. అయితే చేమ పిండి రేణువులు చాలా సన్నవి, త్వరగా అరుగుతాయి. పసిపిల్లలకు, జబ్బు నుంచి లేచినవారికి మేలు చేసే ఆ గుణమే మధుమేహం ఉన్నవారికి అడ్డు అవుతుంది. కాబట్టి మొత్తం పిండిలో పదో వంతుకు మించకుండా వాడాలి.

చిలగడదుంపను పూర్తిగా వదులుకోనవసరం లేదు. నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప ఎందుకు అంత తియ్యగా ఉంటుందంటే, అది నెమ్మదిగా వేడెక్కుతున్నప్పుడు దుంపలోని ఒక ఎంజైము పిండి పదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడుతుంది. ఉడికించిన దుంప కంటే కాల్చిన దుంప షుగరును ఎక్కువగా పెంచడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. పిండి చేసేటప్పుడు ముక్కలను సలసల కాగే నీటిలో ఒక్కసారిగా వేస్తే ఆ ఎంజైము పని మొదలుపెట్టేలోపే నశిస్తుంది. అలా చేసిన చిలగడ పిండిని మిశ్రమంలో ఐదో వంతు వరకు, కంద పిండికి బదులుగా, రంగు కోసమూ రుచి కోసమూ కలుపుకోవచ్చు. అచ్చంగా దానితోనే చేయడం మాత్రం నేను చేసిన తప్పును మళ్లీ చేయడమే అవుతుంది.

కర్రపెండలం, దాని నుంచి వచ్చే సగ్గుబియ్యం, అంగళ్లలో ఆరారూట్ పేరుతో దొరికే పాలగుండ ఈ పనికి పనికిరావు. సగ్గుబియ్యం, పాలగుండ దాదాపు శుద్ధమైన పిండి పదార్థం. పీచు గానీ మాంసకృత్తులు గానీ చెప్పుకోదగినంత ఉండవు. పైగా కర్రపెండలంలో సయనైడు విడుదల చేసే పదార్థాలు ఉంటాయి కాబట్టి సరిగా శుద్ధి చేయకుండా ఇంట్లో పిండి చేయడం ప్రమాదం.

2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట వైపు కొండల్లో సవర, జాతాపు గిరిజనులు తవ్వి తెచ్చే అడవి దుంపల గురించి కూడా ఒక మాట. వాటిలో కొన్ని రకాలు పలుమార్లు ఉడికించి, పారే నీటిలో ఊరబెట్టిన తర్వాత గానీ తినదగినవి కావు. ఆ పద్ధతి తరతరాలుగా తెలిసినవారి చేతిలోనే ఆ దుంపలు ఆహారమవుతాయి. తెలియనివారు వాటిని ఎండబెట్టి పిండి పట్టించకూడదు.

కంద పిండి తయారీ

నూడుల్స్ బాగా రావడం, రాకపోవడం ఈ దశలోనే తేలిపోతుంది. ఒక కిలో కంద నుంచి చెక్కు, తరుగు పోగా దాదాపు 180 గ్రాముల పిండి వస్తుంది. అది నలుగురికి రెండు పూటలకు సరిపోతుంది.

గట్టిగా, బరువుగా ఉన్న ముదురు కందను ఎంచుకోవాలి. నొక్కితే మెత్తగా దిగేవి, నల్లమచ్చలు ఉన్నవి వద్దు. చేతులకు నూనె రాసుకుని, చేతులు గానీ దుంప గానీ తడిగా లేకుండా చూసుకుని చెక్కు తీయాలి, ఎందుకంటే కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు ఉంటాయి. చర్మానికి గుచ్చుకుని దురద పెట్టేవి అవే. చెక్కును కాస్త మందంగానే తీయాలి. తర్వాత ముక్కలను రూపాయి బిళ్ల కంటే కొంచెం మందంగా, అన్నీ ఒకే మందంలో ఉండేలా తరగాలి. మందం ఒకేలా లేకపోతే పలుచనివి ఎండి, మందమైనవి లోపల తడిగా మిగిలి, నాలుగు రోజుల్లో పిండి మొత్తానికి ముక్కిన వాసన పట్టేస్తుంది.

పెద్ద నిమ్మకాయంత చింతపండును రెండు లీటర్ల నీటిలో పిసికి, వడకట్టి, ఆ పులుపు నీటిలో ముక్కలను ఒక గంట నానబెట్టాలి. తర్వాత రెండు మూడు సార్లు మంచి నీటితో కడిగి, మరుగుతున్న నీటిలో వేసి 5 నిమిషాలు ఉంచి, చిల్లుల గిన్నెలోకి వంపి ఆ నీటిని పారబోయాలి. ఆక్సలేట్లలో నీటిలో కరిగే భాగం ఆ నీటితోనే పోతుంది కాబట్టి దాన్ని చారులోకీ పులుసులోకీ వాడకూడదు. ఇలా సగం ఉడికించడం వల్ల ముక్క నల్లబడదు, పిండికి అంటుకునే గుణం కూడా వస్తుంది.

ఆ ముక్కలను శుభ్రమైన పాత పంచె మీద ఒకదానికొకటి తగలకుండా పరచి, పైన పలుచని గుడ్డ కప్పి, గట్టి ఎండలో రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. సంక్రాంతి దాటినప్పటి నుంచి మే వరకు ఎండ దీనికి బాగుంటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న కళింగపట్నం, భీమునిపట్నం వైపు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి సాయంత్రం నాలుగు దాటకముందే ముక్కలను లోపలికి తీసుకుని మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. లేదంటే పగలు పోయిన తేమ రాత్రికి తిరిగి పట్టుకుంటుంది. ముక్కను విరిస్తే వంగకుండా టక్కున విరగాలి. అప్పుడే అది మరకు సిద్ధమైనట్టు. పిండి మిల్లులో పట్టిస్తే అంతకుముందు ఆడిన బియ్యప్పిండో గోధుమపిండో కలిసే అవకాశం ఉంది కాబట్టి కొద్ది మొత్తమైతే ఇంట్లో మిక్సీలో తిప్పి, సన్నని జల్లెడతో రెండుసార్లు జల్లించుకోవడం మేలు. జల్లెడలో మిగిలిన రవ్వను పారేయకుండా ఉప్మాలో కలుపుకోవచ్చు.

మిశ్రమం: నలుగురికి కొలత

కంద పిండి 70 గ్రాములు, శనగపిండి 70 గ్రాములు, ఇసబ్గోలు (మందుల షాపుల్లో దొరికే పీచు పొట్టు) 10 గ్రాములు, అర చెంచా ఉప్పు, ఒక చెంచా నువ్వుల నూనె. వంటింట్లో చిన్న త్రాసు లేకపోతే ఒకటి కొనుక్కోవడం మంచిది, ఎందుకంటే గ్లాసుతో కొలిస్తే పిండిని నొక్కి నింపినప్పుడు ఒక లెక్క, వదులుగా నింపినప్పుడు ఇంకో లెక్క వస్తాయి.

వీటిలో మొదటి మూడింటికీ ఒక్కొక్క పని ఉంది. కంద పిండి ఒళ్లు ఇస్తుంది. శనగపిండిలో 100 గ్రాములకు 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి, అందులోని పిండి పదార్థం నెమ్మదిగా అరుగుతుంది. అందుకే మొత్తంలో సగం అదే ఉండాలి. మన వైపు ఉలవలు ఇష్టపడేవారు శనగపిండిలో 20 గ్రాములు తగ్గించి ఆ మేరకు వేయించి ఆడించిన ఉలవపిండి కలపవచ్చు; రంగు ముదురుతుంది కానీ రుచి బాగుంటుంది. ఇక ఇసబ్గోలు సంగతి. గోధుమలో గ్లూటెన్ అనే సాగే పదార్థం ఉండటం వల్లనే మైదా నూడుల్స్ నీటిలో ఉడికినా విడిపోవు. కందలో గానీ శనగలో గానీ అది లేదు. నేను మొదటిసారి ఇసబ్గోలు లేకుండా ఒత్తి నీటిలో వేస్తే నూడుల్స్ అన్నీ కరిగి గంజిలా తయారయ్యాయి. ఇసబ్గోలు నీటిని పీల్చి జిగురుగా మారి ఆ లోటు తీరుస్తుంది, పీచు కూడా చేరుస్తుంది. గుడ్డు తినే ఇళ్లలో ఒక గుడ్డు కలిపితే పట్టు ఇంకా బాగా వస్తుంది, నీరు ఆ మేరకు తగ్గించాలి.

ఇసబ్గోలు ఉన్న ఆహారంతో పాటు ఒక గ్లాసు నీళ్లు తప్పక తాగాలి. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, పేగుల్లో అడ్డంకి వచ్చినవారు, మధుమేహం వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతోందని వైద్యుడు చెప్పినవారు దీన్ని వాడకూడదు. ఇతర మందుల శోషణను ఇది ఆలస్యం చేయగలదు కాబట్టి భోజనంతో కలిపి వేసుకునే మాత్రల వేళ గురించి మందులు రాసిన వైద్యుడినే అడగాలి.

చోడి (రాగి) పిండి కలపవచ్చా అని చాలామంది అడుగుతారు. చోడి అంబలి మన ఇళ్లలో నిత్యమూ ఉన్నదే, సున్నం ధాతువు మెండుగా ఉన్న మంచి ధాన్యం. కానీ మెత్తగా ఆడిన చోడి పిండిలోనూ పిండి పదార్థం 70 శాతం దాకా ఉంటుంది. దాన్ని కంద పిండి స్థానంలో కొంత వేసుకోవచ్చు గానీ శనగపిండి స్థానంలో వేయకూడదు.

కలపడం, ఒత్తడం, ఆవిరి పెట్టడం

శనగపిండిని సన్నని సెగ మీద పచ్చివాసన పోయే వరకు, రంగు మారకుండా, రెండు మూడు నిమిషాలు వేయించి చల్లార్చాలి. దానికి కంద పిండి, ఇసబ్గోలు, ఉప్పు చేర్చి పొడిగానే బాగా కలపాలి; ఇసబ్గోలును తడి పిండిలో వేస్తే ఉండలు కడుతుంది. 200 మిల్లీలీటర్ల నీటిని మరిగించి, ముందు 150 మాత్రమే పోసి గరిటెతో కలపాలి. మిగిలినదాన్ని చెంచా చొప్పున, చూసుకుంటూ పోయాలి. చేయి పట్టేంత వేడి తగ్గాక నూనె రాసుకుని 5 నిమిషాలు మర్దించాలి. ముద్ద జంతికల పిండి కంటే కొంచెం గట్టిగా, చేతికి అంటకుండా రావాలి. తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు ఉంచితే ఇసబ్గోలు మిగిలిన తేమను లాగేసుకుంటుంది. ఈ విశ్రాంతికి ముందు ముద్ద జారుగా కనిపించిందని తొందరపడి పిండి చల్లకూడదు, లెక్క తప్పుతుంది.

జంతికల గొట్టానికి కారప్పూస బిళ్ల కంటే ఒక పాటి పెద్ద రంధ్రాలున్న బిళ్ల వేసుకోవాలి. మరీ సన్నగా ఒత్తితే తెగుతాయి, త్వరగా మెత్తబడి త్వరగా అరుగుతాయి కూడా. నూనె రాసిన ఇడ్లీ రేకుల మీద పలుచగా, గుట్టగా పడకుండా ఒత్తి, మరిగే నీటి మీద 10 నుంచి 12 నిమిషాలు ఆవిరి పెట్టాలి. రంగు ముదిరి, ముట్టుకుంటే రబ్బరులా సాగితే ఉడికినట్టు. వేడి మీద విడదీయబోతే ముక్కలవుతాయి; పూర్తిగా ఆరనిచ్చి, చివర్ల నుంచి మెల్లగా విప్పాలి.

గొట్టం తిప్పడం కష్టంగా ఉంటే ముద్ద ఆరిపోయినట్టు. చేతిని తడి చేసుకుని మళ్లీ మర్దించాలి. తీగలు గొట్టం నుంచి వస్తూనే తెగిపోతుంటే కంద పిండి సరిగా జల్లించలేదని గానీ, ఇసబ్గోలు పాతబడిందని గానీ అర్థం. తిన్న తర్వాత గొంతు గీరుకుంటే దోషం నూడుల్స్‌లో లేదు, కందను పులుపులో నానబెట్టే దగ్గర తొందరపడ్డారు. ఆ పిండిని మళ్లీ వాడవద్దు.

ఒక రాత్రి చల్లదనం

ఆవిరి పట్టిన నూడుల్స్‌ను వెంటనే తినవచ్చు. కానీ మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి మరునాడు వేడి చేసుకుంటే మరికొంత మేలు. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండి అణువులు చల్లబడే కొద్దీ మళ్లీ దగ్గరగా చేరి గట్టిపడతాయి. అందులో కొంత భాగం చిన్న పేగులో జీర్ణం కాకుండా పీచులాగా పెద్ద పేగుకు వెళుతుంది. చల్లారిన చద్దన్నంలోనూ జరిగేది ఇదే. మరునాడు వేడి చేసినా ఆ గుణం కొంత మిగులుతుంది. దీనివల్ల వచ్చే తేడా చిన్నదే కాబట్టి, చల్లార్చాను కదా అని వాటా పెంచుకోకూడదు. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి నిలవ పెట్టవద్దు. కరెంటు తరచుగా పోయే ఊళ్లలో ఒక్క రాత్రితో సరిపెట్టుకోవాలి.

పోపు, కూరలు, పులుపు

చేసిన నూడుల్స్‌ను నాలుగు సమాన భాగాలుగా తూచి విడదీయాలి. ఒక భాగమే ఒక మనిషి వాటా. అది కంచంలో కొద్దిగా కనిపిస్తుంది కాబట్టి అంతకు రెట్టింపు కూరలు ఉండాలి: క్యాబేజీ, చిక్కుళ్లు, బీన్స్, క్యాప్సికం, మునగాకు, ఏదైనా సరే, దుంపలూ పచ్చి బఠాణీలూ తప్ప. మాంసకృత్తుల కోసం గుడ్డు గానీ పనీరు గానీ మొలకెత్తిన పెసలు గానీ చేర్చాలి. బజారు సాసుల్లో చక్కెర, ఉప్పు రెండూ ఎక్కువ కాబట్టి వాటిని వాడకపోవడమే మంచిది.

మా ఇంట్లో నిలిచిపోయిన పద్ధతి ఆవ పెట్టడం. పనసపొట్టుకు, పులిహోరకు ఆవ పెట్టే ప్రాంతం మనది. నూడుల్స్‌కు కూడా ఆ ఘాటు అద్భుతంగా కుదిరింది. ఒక చెంచా ఆవాలు, రెండు పచ్చిమిరపకాయలు, కాస్త ఉప్పు కొద్ది నీటితో మెత్తగా నూరి పక్కన పెట్టుకోవాలి. రెండు చెంచాల నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు వేసి, కూరముక్కలను కరకర పోకుండా వేయించి, పలుచని చింతపండు పులుసు కొద్దిగా పోసి దగ్గర పడనివ్వాలి. నూడుల్స్ వేసి రెండే నిమిషాలు తిప్పి, పొయ్యి కట్టేసి, కాస్త చల్లారాక ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగానే ఆవ వేస్తే చేదెక్కుతుంది. పులుసు అనగానే మన చేయి బెల్లం డబ్బా వైపు వెళుతుంది. ఉత్తరాంధ్ర వంటలో అది అంత సహజం. ఇక్కడ మాత్రం ఆ చేతిని ఆపుకోవాలి. పులుపు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని కొంత తగ్గిస్తుంది కాబట్టి బెల్లం లేని చింతపండైనా, చివర్లో పిండిన నిమ్మరసమైనా రుచికి మించిన ఉపయోగమే చేస్తుంది.

తినేటప్పుడు ముందుగా కూరముక్కలు, గుడ్డు లేదా పనీరు తిని, తర్వాత నూడుల్స్ తింటే చక్కెర పెరుగుదల తక్కువగా ఉంటుంది. వీటితో పాటు అన్నం, రొట్టె, ఇడ్లీ వంటివేవీ ఆ పూట ఉండకూడదు. ఇది టిఫిను మీద అదనంగా తినేది కాదు, ఒక పూట భోజనానికి బదులుగా తినేది.

గ్లూకోమీటరు మాట వినడం

ఒకే ఆహారం ఇద్దరు మనుషుల్లో ఒకేలా పనిచేయదు. అందుకని మొదటి రెండు మూడు సార్లు ఈ నూడుల్స్ తిన్నప్పుడు తప్పనిసరిగా పరీక్షించుకోవాలి. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న సమయం నుంచి సరిగ్గా రెండు గంటలకు ఇంకోసారి వేలి రక్తం చూడాలి. భోజనం ముగిసిన సమయం నుంచి లెక్కపెడితే అంకె తప్పుదారి పట్టిస్తుంది. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి, వేలికి తీపి అంటి ఉంటే రీడింగు ఎక్కువ చూపిస్తుంది. రెండు గంటల తర్వాత 180 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది చాలామంది పెద్దలకు వైద్యులు పెట్టే లక్ష్యం. వయసు మళ్లినవారికి, గర్భిణులకు ఈ లక్ష్యం వేరుగా ఉంటుంది.

ఆ అంకెకు అర్థం పోలికలోనే తెలుస్తుంది. ఒక రోజు మామూలుగా తినే అన్నం, కూర తిని, మరో రోజు అదే వేళకు, అవే మందులతో, ఈ నూడుల్స్ తిని, రెండు రోజుల అంకెలనూ ఒక పుస్తకంలో తేదీతో రాసుకోవాలి. అన్నం రోజు కంటే పెరుగుదల తక్కువగా ఉంటే ఈ కొలత ఆ మనిషికి సరిపోయినట్టు. అంతే ఉంటే వాటాను నాలుగో వంతు తగ్గించి కూర పెంచాలి. ఎక్కువగా ఉంటే కంద పిండిని 50 గ్రాములకు దించి శనగపిండిని 90కి పెంచి మళ్లీ చూడాలి. అప్పుడు రుచి కారప్పూస వైపు వెళుతుంది, ఆవతో పాటు నువ్వుల పొడి చల్లితే సర్దుకుంటుంది. అప్పటికీ అంకె దిగకపోతే ఆ మనిషికి దుంప పిండి నప్పలేదని ఒప్పుకుని మానేయాలి. మా అమ్మకు రెండో కొలతే కుదిరింది. ఇప్పుడు పది రోజులకొకసారి చేస్తున్నాను, అంతకంటే తరచుగా చేయడం లేదు.

నిలవ

కంద పిండిని పూర్తిగా ఆరిన గాజు సీసాలో, మూత బిగించి, వెలుతురు తగలని చోట పెడితే రెండు మూడు నెలలు ఉంటుంది. వానాకాలంలో నెలకొకసారి ఎండ చూపించాలి. శనగపిండిని ముందే కలిపి నిలవ చేయకూడదు, పురుగు త్వరగా పడుతుంది. ఆవిరి పట్టిన నూడుల్స్‌ను నీడలో ఒక రోజు, ఎండలో ఒక రోజు ఆరబెట్టి, సేమియాలాగా విరిగేంత గట్టిపడ్డాక, ఒక్కొక్క మనిషి వాటాను విడిగా తూచి పొట్లాలు కట్టి డబ్బాలో పెట్టుకుంటే నెల రోజులు వాడుకోవచ్చు. ఆరినవి బరువు తగ్గి సుమారు 40 గ్రాములు తూగుతాయి. ఆ పొట్లంలో ఉన్నది 25 గ్రాముల పిండి పదార్థమేనని పైన పెన్నుతో రాసి పెడితే, వేరెవరు వండినా లెక్క తప్పదు. వండే రోజున గోరువెచ్చని నీటిలో 5 నిమిషాలు నానబెట్టి, వడకట్టి, మళ్లీ 6 నిమిషాలు ఆవిరి పెట్టాలి. నేరుగా మరిగే నీటిలో వేస్తే విడిపోతాయి.